పదకొండు ఊపిర్లు

ఆ రోజు పొద్దున్న హాజరు యంత్రం నా బొటనవేలిని మూడుసార్లు కాదంది. ప్యాంటుకి తుడుచుకుని నాలుగోసారి పెట్టాను. ఎర్ర దీపం. చూపుడువేలు పెట్టాను, అదీ ఎర్ర దీపమే. వెనక వరుసలో వెల్డింగు వాళ్ళు గొణగడం మొదలెట్టారు. గేటు గుమస్తా విసుగ్గా రిజిస్టరు నా ముందుకు తోశాడు.

"సంతకం ఎట్టీసి ఎల్లు మావా. దీనికి రోజూ ఉన్న రోగవే."

సంతకం పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. నా వేళ్ళకి ఏదో అయిందని ఆ డబ్బా పొద్దున్నే చెప్పింది. నేను వినలేదు.

నేను సముద్రంలో దిగి పనిచేసేవాణ్ణి. అక్కుపల్లికి కాస్త ఎగువన ఒడ్డు వెంట కట్టే గోడకి అడుగున కాంక్రీటు దిమ్మలు పేర్చడం అప్పట్లో మా పని. డైవర్ అనగానే మా వాళ్ళకి టీవీలో చూపించే నీలం నీళ్ళూ రంగురంగుల చేపలూ గుర్తొస్తాయి. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని "లోపల తిమింగలాలు కనబడతాయేటి బావా?" అని అడుగుతారు. తిమింగలమా, నా మొహమా! నా చెయ్యి నాకు కనబడితే ఆ రోజు కొబ్బరికాయ కొట్టాలి. పక్కనే పూడిక తీసే ఓడ పగలంతా అడుగు బురదని కెలుకుతూ ఉంటుంది. ఒక బార లోతు దిగేసరికి నీళ్ళు పాచి రంగు, రెండు బారలకి టీ డికాషను, ఆ కింద ఇక చీకటే. దీపం వెలిగిస్తే మరీ అన్యాయం, బురద మీద వెలుగు పడి మొహం ముందు తెల్లగోడ లేచినట్టుంటుంది. అందుకే నేను దీపం ఆర్పేసి, కళ్ళు కూడా మూసేసుకుని పనిచేస్తాను. కళ్ళు తెరిచి ఉంటే బుర్ర చూడాలని పాకులాడుతుంది, కనబడక బెంబేలు పడుతుంది. మూసేస్తే గొడవ లేదు, చేతులు పని అందుకుంటాయి.

ఈ విద్య నాకు సముద్రం నేర్పలేదు. మాది ఉద్దానంలో జీడితోటల ఊరు, ఇంట్లో అలల్లో దిగినవాడెవడూ లేడు. ఊళ్ళో ఎవరి నూతిలో బొక్కెన పడినా, మోటారు పైపు తెగినా నన్ను పిలిచేవారు. నూతి అడుగున కూడా అంతే, కళ్ళకి పని ఉండదు. ఆ పేరు విని ఒక కంట్రాక్టరు విశాఖపట్నం తీసుకెళ్ళి ఇనుప టోపీ పెట్టించాడు. మిగతాది మా ఇంటావిడ దగ్గర నేర్చుకున్నాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆవిడ పలాసలో జీడిపప్పు ఏరే పనికి వెళుతుంది. పెళ్ళైన కొత్తలో నా కళ్ళకి తువ్వాలు కట్టి, పళ్ళెంలో పప్పు పోసి, గుండు ఏది, బద్ద ఏది, అంచు విరిగిన గుండు ఏది చెప్పమనేది. నేను అన్నీ తప్పు చెప్పేవాణ్ణి. "ఏలు నొక్కకు. ఊరికే ఆనించు. అదే సెప్తాది" అనేది. కొన్నాళ్ళకి వెంట్రుకవాసి బీట కూడా నా వేలికి తెలిసిపోయేది. సముద్రం అడుగున బోల్టు మర మీద వేలు ఆనించి ఎన్ని చుట్లు ఎక్కిందో చెప్పగలిగేవాణ్ణి. ఆ మాట చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. నా వేళ్ళ గురించి నేను గొప్పలు పోయినంతగా ఎవడూ తన పిల్లల గురించి కూడా పోయి ఉండడు.

నాతో పాటు దిగే రెండో డైవరు మా ఇంటావిడ అన్న. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అనే అంటాడు. అక్కుపల్లి మనిషి, అలల పక్కనే పుట్టాడు. మాట తక్కువ, చెయ్యి నిదానం. మేమిద్దరం వంతులవారీ దిగుతాం. కింద ఉన్నవాడి ప్రాణమంతా వాడికి గాలి తీసుకెళ్ళే పైపులో ఉంటుంది. ఫోను తీగ కూడా దానికే చుట్టి ఉంటుంది. పైన ఉన్నవాడు ఆ పైపుని చేతిలో పట్టుకుని, ఎంత వదలాలో అంత వదులుతూ, చెవికి తగిలించుకున్న ఫోనులో కిందివాడి ఊపిరి వింటూ కూర్చోవాలి. దిగేవాడు తన పైపుని తనే పైవాడి చేతిలో పెట్టాలనేది మేమిద్దరం మొదటినించీ పాటిస్తున్న పద్ధతి. "పట్టుకో బావా" అనాలి. "పట్టుకున్నాను" అనిపించుకోవాలి. అది అయ్యాకే నీళ్ళలోకి. గాలి కొట్టే కంప్రెసరు చూసుకునే సోంపేట మనిషి పక్కనే ఉన్నా సరే, మా పైపులు అతని చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

సరే, నా వేళ్ళ సంగతికొస్తాను.

యంత్రం నన్ను కాదన్న రోజుకి మూడు రోజుల ముందు బావ పెద్దకూతురికి నిశ్చితార్థం. జీడితోటలు కాపు మీదున్న రోజులు. ఆ రోజుల్లో మా వైపు శుభకార్యం అంటే విస్తట్లో పచ్చి జీడిపప్పు కూర ఉండాలి. ఎండు పప్పు డబ్బు పారేస్తే ఎక్కడైనా దొరుకుతుంది, పచ్చి పప్పు పెడితేనే మర్యాద. అది పెట్టడం వెనక పెద్ద చాకిరీ ఉంది. పచ్చి పిక్కని కత్తిపీట మీద నిలువునా చీల్చి, లోపలి లేత పప్పుని వేలితో పెకలించాలి. పిక్క తొక్కలో సొన ఉంటుంది చూశారూ, అది చర్మానికి తగిలితే నిప్పే. అందుకని ఆడవాళ్ళు మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించి, బూడిద రాసుకుని మరీ కూర్చుంటారు.

ఆ వేళ పదిమంది ఆడవాళ్ళు పెరట్లో కూర్చుని పిక్కలు కోస్తున్నారు. నేనూ వెళ్ళి ఒక కత్తిపీట లాక్కున్నాను. ఎవరు పిలిచారు నన్ను? ఎవరూ పిలవలేదు. పెళ్ళికొడుకు తరపువాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు, అంతే.

మా ఇంటావిడ నూనె గిన్నె నా వైపు జరిపింది. "రాసుకో. పచ్చి పిక్క, సొన సిమ్ముతాది."

"ఉద్దానంలో పుట్టినోణ్ణి. నాకు జీడి నేర్పుతావేటి?"

"ఓలమ్మో! మావయ్యవి ఇనుప సేతులంట, సూడండర్రా" అని పక్కనున్న ముసలామె అందర్నీ నవ్వించింది.

నాకూ హుషారొచ్చింది. ఒట్టి చేతుల్తో రెండు పెద్ద గిన్నెల పప్పు తీశాను. అందరూ ఔరా అన్నారు. కూర బ్రహ్మాండంగా ఉంది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ రాత్రి వేళ్ళు మండుతుంటే కొబ్బరినూనెలో ముంచుకుని కూర్చున్నాను. మా ఇంటావిడ చూసి, "సేతులు కాలినాక ఆకులు అట్టుకుంతే ఏటి లాభం" అని దీపం ఆర్పేసింది. మర్నాడు బొబ్బలు. ఆ మర్నాటికి బొబ్బలు అణిగి, పది వేళ్ళ కొసలూ నల్లబడి, చింతపిక్క తొక్కలా గట్టిపడిపోయాయి. మంట పోయింది, నొప్పి పోయింది. నొప్పి లేదు కాబట్టి నయమైపోయిందనుకున్నాను. రేషను దుకాణంలో మా ఇంటావిడ వేలిముద్ర ఎప్పుడూ పడదు, ఏళ్ళ తరబడి జీడి తిన్న వేళ్ళు ఆవిడవి. అది ఎరిగి ఉండి కూడా యంత్రం ముందు నిలబడినప్పుడు నాకు బుద్ధి వెలగలేదు.

క్రేను మోసే బల్లపరుపు పడవని మేం పంటు అంటాం, దాని మీదికి వెళ్ళేసరికి సూపర్వైజరు కాగితం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గోదావరి జిల్లాల మనిషి, టెక్కలిలో గది తీసుకుని ఉండేవాడు. ఎవర్నీ కేకలెయ్యడు, కానీ కాగితం మీద ఒక్క గడి కూడా ఖాళీగా వదలడు.

"చెవులు బాగున్నాయాండి? జలుబేమన్నా ఉందాండి? రాత్రి పుచ్చుకున్నారాండి?"

అన్నిటికీ సవ్యంగా జవాబు చెప్పాను. వేళ్ళ గురించి ఆ కాగితంలో గడి లేదు. కానీ చేతులు రెండూ నడుం వెనక పెట్టుకుని నిలబడ్డానని నాకు ఇప్పటికీ గుర్తుంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే కదా అది.

ఆ రోజు పని చెబుతాను. ముందురోజు దించిన దిమ్మ ఒకటి ఒరిగి కూర్చుంది. కింద ఎక్కడో బండరాయి ఇరుక్కుంది. దిమ్మని క్రేనుతో జానెడు పైకెత్తి పట్టుకుంటే, డైవరు గునపంతో ఆ రాయిని పక్కకి తప్పించాలి. మొదట నేను దిగి దిమ్మ నెత్తి మీది ఇనుప కడియానికి క్రేను తాడు తగిలించి రావాలి. తరవాత బావ దిగి రాయి సంగతి చూడాలి. దక్షిణపు గాలి లేచే రోజులు దగ్గర పడ్డాయి. ఒకసారి అది లేస్తే పంటు నిలవదు, పని నెలల తరబడి ఆగిపోతుంది. అందుకని అందరిలోనూ తొందర ఉంది.

పైపు తీసి బావ చేతిలో పెట్టాను.

"పట్టుకో బావా."

"పట్టుకున్నాను."

దిగాను. ఆరు బారల లోతు. తాడు పట్టుకుని కిందికి జారి, కాలికి దిమ్మ తగలగానే మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రవాహం భుజాన్ని ఒక పక్కకి నెడుతోంది. ఎక్కడిదో తెగిన వల ముక్క నా మడమకి చుట్టుకుంది, దాన్ని కత్తితో కోసి వదిలించుకునేసరికే సగం ఓపిక పోయింది. కడియం వెతికాను. బురదలో కూరుకుని ఉంది. నడుముకి వేలాడేసుకున్న సంకెల తీసి క్రేను తాడు కొసకి తగిలించాను. అది గుర్రపు నాడాలా ఉంటుంది, రెండు కొసలా రెండు చెవులు. ఒక చెవిలోంచి కడియం గుండా రెండో చెవిలోకి లావుపాటి బోల్టు దూర్చాలి. అటు పక్కకి వచ్చిన కొసకి నట్టు బిగించి, అది ఊడకుండా సన్నటి పిన్ను పెట్టి దాని కాళ్ళు విప్పాలి. ఇలాంటివి నేను వందలు బిగించాను.

బోల్టు దూర్చాను. అటు పక్క వేలు పెట్టి చూశాను. మామూలుగా అయితే చెవి అంచు వేరుగా, బోల్టు కొస వేరుగా, మధ్యలో మర గరుకు వేరుగా తెలుస్తాయి. ఆ రోజు వేళ్ళకి గుడ్డ చుట్టుకున్నట్టుంది. గ్రీజు ఎక్కువ పూశారనుకున్నాను. ఏదో గట్టిగా తగిలింది, అదే బోల్టు కొస అనుకున్నాను. నట్టు తిప్పాను, తిరిగి బిగిసింది. పిన్ను పెట్టి కాళ్ళు విప్పాను. లేదా విప్పాననుకున్నాను.

"బిగించీసినాను" అన్నాను ఫోనులో.

"రెండోసారి తడిమినావా బావా?" అన్నాడు పైనుంచి బావ. ఎవరు ఏం బిగించినా ఆ ప్రశ్న అడుగుతాడు. అలవాటు.

నాకు ఒళ్ళు మండింది. "తడిమినాను. నాకు సెప్తావేటి నువ్వు?"

తడమలేదు. ఇంకా నయం, తడిమినా అవే వేళ్ళు కదా.

పైకొచ్చాను. టోపీ విప్పుకుని, నీళ్ళు కారుతూ బల్ల మీద కూర్చున్నాను. బావ అప్పటికే తయారై ఉన్నాడు. మెట్టు మీద నిలబడి తన పైపు మడత నా చేతిలో పెట్టాడు.

"పట్టుకో బావా."

"పట్టుకున్నాను."

నీళ్ళలోకి వెళ్ళాడు. ఫోను చెవికి తగిలించుకున్నాను. మా ఫోనులో మాట రెండు వైపులా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీట నొక్కక్కర్లేదు, కింద ఊపిరి పీల్చినా పైన దగ్గినా రెండోవాడికి వినబడుతుంది. ఖర్... బుస్... ఖర్... బుస్... అని బావ ఊపిరి మొదలైంది. అతని ఊపిరి నిదానం, దాన్ని వింటూ ఉంటే నిద్రొస్తుంది. పైనున్నవాడు ఊపిర్లు లెక్కపెడుతూ ఉండాలి. అందుకే నాకు ఆ రోజు లెక్క కూడా తెలుసు.

"దిమ్మ కాడున్నాను. ఎత్తమను" అన్నాడు బావ.

నేను చెయ్యెత్తాను. సూపర్వైజరు క్రేను ఆపరేటరుకి సైగ చేశాడు. తాడు బిగిసింది, పంటు ఒక పక్కకి కాస్త వంగింది. జానెడు ఎత్తి ఆపారు.

"లేసింది. రాయి తగుల్తంది బావా. తలకాయంత ఉంది. గునపానికి అందట్లేదు, సేత్తో కదిపి సూత్తాను."

"నిదానం" అన్నాను.

సరిగ్గా అప్పుడు సోంపేట మనిషి టీ తెచ్చాడు. కుడిచేతిలో పైపు ఉంది, ఎడమచేత్తో స్టీలు గ్లాసు అందుకున్నాను. అతను పోబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఓర్నాయనో! నాను తువ్వాలు అడ్డెట్టి తెచ్చినాను ఆ గ్లాసు. నువ్వు ఒట్టి సేత్తో ఎలగట్టుకున్నావు?"

గ్లాసు వైపు చూశాను. పొగలు కక్కుతోంది. వేళ్ళ కొసలకి వేడిగా లేదు. చల్లగానూ లేదు. గ్లాసు పట్టుకున్నట్టే లేదు. వేళ్ళు విప్పి చూసుకున్నాను. నీళ్ళలో నాని, నల్లటి తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. బొటనవేలి గోరుతో చూపుడువేలి కొసని నొక్కాను. గాటు పడింది. తెలియలేదు.

కింద నేను తడిమింది ఏమిటి? ఆ గట్టిగా తగిలింది బోల్టు కొసా, సంకెల చెవా? బోల్టు రెండో చెవిలోకి వెళ్ళిందా, చెవి అంచు మీద ఊరికే ఆనుకుని కూర్చుందా? నట్టు దేనికి బిగిసింది? గుర్తు చేసుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే నేను ఏమీ చూడలేదు. నా వేళ్ళు చెప్పిందే నాకు తెలుసు. నా వేళ్ళు చచ్చిపోయి ఉన్నాయి. బావ తన చేతులు రెండూ ఆ దిమ్మ కింద పెట్టి ఉన్నాడు.

"ఆపండి" అని అరవాలి. ఒక్క మాట. చిన్నపిల్లవాడైనా అరుస్తాడు.

నేను అరవలేదు. ఫోనులో బావ ఊపిరి పీల్చాడు, వదిలాడు. ఒకటి. లేదులే, వెళ్ళే ఉంటుంది, ఇన్నాళ్ళలో ఎప్పుడు తప్పింది అనుకున్నాను. రెండు. అరిస్తే ఎందుకని అడుగుతారు. మూడు. ఎందుకంటే ఏం చెప్పాలి? నాలుగు. ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే మీరు జాలిపడతారు, కానీ అబద్ధం అవుతుంది. ఆ క్షణాన ఉద్యోగం నాకు గుర్తే రాలేదు. నాకు కనబడింది పెరట్లో నవ్విన ఆ ముసలామె. జీడితోటలో పుట్టి, జీడి సొనకి చేతులు కాల్చుకుని, ఆ చేతుల్తో సముద్రంలో దిగిన వెధవ అని అక్కుపల్లి నుంచి పలాస దాకా నవ్వుతారు. ఆటోల్లో చెప్పుకుంటారు. జీడి ఫ్యాక్టరీల్లో మా ఇంటావిడ ముందే చెప్పుకుంటారు. ఐదు. ఆరు. కింద బావ "ఇదిగో, కదుల్తంది..." అని తనలో తను గొణుక్కున్నాడు. ఏడు. నా నోరు తెరుచుకునే ఉంది, మాట రాదే! ఎనిమిది. సూపర్వైజరు నా వైపు చూసి, ఏమిటన్నట్టు తలెగరేశాడు. తొమ్మిది. పది. బావ పీల్చాడు. బావ వదిలాడు. పదకొండు.

"సేతులు తీసీ బావా! సేతులు తీసీ! దించండి, దించండి!"

గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. క్రేను ఆపరేటరు హడిలిపోయి మీట లాగాడు. తాడు ఒక్క కుదుపు కుదిపింది. బిగుసుకున్న తాడు ఒక్కసారిగా వదులై, పైకి చివ్వున లేచి, పంటు ఊగింది. ఫోనులో ధన్ మని చప్పుడు.

ఆ తరవాత ఊపిరి లేదు.

"బావా!" అన్నాను. "బావా! బావోయ్!" పైపు లాగబోతే సూపర్వైజరు నా మణికట్టు పట్టుకుని, "లాగకండి! కింద చిక్కుకుని ఉంటే చెయ్యి తెగుద్ది!" అని అరిచాడు. అతను అరవడం నేను విన్నది అదొక్కసారే. నీటి మీదికి బుడగలు రావట్లేదు. బురద మాత్రం తెరలు తెరలుగా లేచి, పంటు చుట్టూ నీళ్ళు నల్లబడ్డాయి. ఎండల మల్లన్నా, నా చెయ్యి తీసుకో, అతన్ని వదిలెయ్ అని పైకే అన్నాను. ఎవరు విన్నా నాకు లెక్కలేకపోయింది. బావ కూతురు పసుపు రంగు చీరలో పీటల మీద కూర్చున్నది కళ్ళ ముందు కనబడుతోంది.

ఖర్... బుస్.

"ఉన్నాను" అన్నాడు బావ.

నేను బల్ల మీద కూలబడి ఏడ్చేశాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, పదిమంది ముందు, వెక్కి వెక్కి.

అతను పైకొచ్చేసరికి నేను నా చేతులు రెండూ సూపర్వైజరు మొహం ముందు చాపి ఉన్నాను. అంతా చెప్పేశాను. పచ్చి పిక్కలు, నూనె గిన్నె, యంత్రం, టీ గ్లాసు. తాడుతో పాటు సంకెల పైకొచ్చింది. ఒక చెవి అంచు మీద ఇనుము ఇనుముని గీరుకుంటూ జారిన కొత్త గీత తళతళలాడుతోంది. రెండో చెవిలోకి బోల్టు వెళ్ళనే లేదు. సూపర్వైజరు ఆ గీత మీద తన వేలు పెట్టి చూశాడు. నా వేళ్ళు చూశాడు. కాగితం కింద, గడులన్నిటికీ అవతల, ఖాళీ చోట తన చేతి రాతతో "వేళ్ళు" అని రాసుకున్నాడు. "చర్మం కొత్తగా వచ్చేదాకా మీరు నీళ్ళలో దిగరండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండును.

సాయంత్రం ఒడ్డుకి వెళ్ళే పడవ కోసం పంటు అంచున కూర్చున్నాం, బావా నేనూ. అతను తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. గీత పడలేదు. గోరు కూడా పోలేదు.

"దేవుడు సూసినాడు. నాను అరిసిన టయానికి నువ్వు సేతులు తీసీసినావు" అన్నాను.

"నువ్వు అరిసినప్పుడు కాదు."

"మరి?"

"నువ్వు అరిసేతలికి నా సేతులు నా సంకలో ఉన్నాయి" అన్నాడు. నీళ్ళ వైపే చూస్తున్నాడు. "కింద నాకు కనబడేదేటుంది బావా? నీ ఊపిరి ఇంతా ఉంటాను. నాను పీల్సినాను, నువ్వు పీల్సలేదు. మళ్ళీ పీల్సినాను, నువ్వు పీల్సలేదు. మూడోదానికి, పైన ఏటో అయిందని సేతులు తీసీసినాను. దిమ్మ బయటికున్న రాయి కొసని కాలితో కదుపుతా ఉన్నాను, నువ్వేటి సెప్తావో అని."

నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నానని నాకే తెలియదు.

మళ్ళీ అతనే అడిగాడు. కోపంగా అడగలేదు. కూర బాగుందా అని అడిగినట్టే అడిగాడు.

"అన్ని ఊపిర్లు ఏటి ఆలోచించినావు బావా?"

నవ్వుతారనుకున్నానని చెప్పలేకపోయాను. పడవ వచ్చింది. ఎక్కాం.

నవ్వారు. ఎందుకు నవ్వరు? నెల రోజులు నవ్వారు. పలాస ఆటోల్లో కూడా "ఇనుప సేతుల మావయ్య" అని పిలిచారు. నవ్వితే ఏమైంది? ఏమీ కాలేదు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. మా ఇంటావిడ మాత్రం నవ్వలేదు. రోజూ రాత్రి నా వేళ్ళకి నూనె రాసి, పళ్ళెంలో పప్పు పోసి, కళ్ళు మూసుకోమనేది. గుండు ఏది, బద్ద ఏది. మొదట ఏమీ తెలిసేది కాదు. తరవాత్తరవాత ఆ లేత గులాబి చర్మానికి పప్పు మీది దుమ్ము కూడా తెలియడం మొదలైంది. ఒక పొద్దున్న గేటు దగ్గర బొటనవేలు పెడితే మొదటిసారికే పచ్చ దీపం వెలిగింది.

ఆ రోజే మళ్ళీ దిగాను. పైపు తీసి బావ చేతిలో పెట్టాను. "పట్టుకో బావా" అన్నాను. "పట్టుకున్నాను" అన్నాడు, ఎప్పటిలాగే. అడుగున ఒక సంకెల బిగించి, అడక్కుండానే "రెండోసారి తడిమినాను, మూడోసారి కూడా తడిమినాను" అని చెప్పాను. నవ్వినట్టు వినబడింది. పైకొచ్చి, టోపీ విప్పుకుని, తుడుచుకోకుండానే మెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చెయ్యి చాపాను.

బావ తన పైపు తీసి నా వెనక నిలబడ్డ సోంపేట మనిషికి ఇచ్చాడు.

కూతురి పెళ్ళిలో కన్యాదానం అప్పుడు బావ నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పండక్కీ పబ్బానికీ వాళ్ళింట్లోనే మా భోజనాలు. నా మీద ఈగ వాలనివ్వడు. నేను దిగితే ఇప్పటికీ నా పైపు బావే పట్టుకుంటాడు, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు. తను దిగేటప్పుడు మాత్రం సోంపేట మనిషిని పిలుస్తాడు.